సెల్లార్‌లో స్ప్రింక్లర్లు వేస్తే చాలా, అన్ని అంతస్తుల్లోనూ వేయాలా? హైదరాబాద్ కమర్షియల్ బిల్డింగ్ విషయంలో నా సమాధానం

మీ ప్రశ్న ఇదీ. హైదరాబాద్‌లో మీకు ఒక కమర్షియల్ బిల్డింగ్ ఉంది. సెల్లార్, గ్రౌండ్, పైన నాలుగు అంతస్తులు, ఎత్తు 17 మీటర్లు. గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్లలో బట్టల షోరూమ్, సెకండ్‌లో ఆఫీసులు, పై రెండింటిలో కోచింగ్ సెంటర్. సెల్లార్‌లో సగం పార్కింగ్, సగం షోరూమ్ వాళ్ల స్టాకు. ఫైర్ ఎన్‌ఓసీ (ఫైర్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం) కోసం ఇద్దరు కాంట్రాక్టర్లను పిలిచారు. ఒకాయన సెల్లార్‌లో స్ప్రింక్లర్లు (మంట వేడికి వాటంతట అవే తెరుచుకుని నీళ్లు చిమ్మేవి), పైన హోస్ రీళ్లు (చుట్టి ఉంచిన నీళ్ల గొట్టాలు) చాలన్నాడు, నీళ్లకు టెర్రస్ మీదున్న పదివేల లీటర్ల ట్యాంకే వాడదామన్నాడు. రెండో ఆయన అన్ని అంతస్తులకూ స్ప్రింక్లర్లు, కింద కొత్త ట్యాంకు, పంపులు కలిపి పెద్ద కొటేషన్ ఇచ్చాడు. అమెరికాలో ఉన్న మీ తమ్ముడు అన్నీ అక్కడి అగ్నిమాపక ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ ప్రకారం చేయించమంటున్నాడు. వీళ్లలో ఎవరి మాట వినాలి?

రెండో కాంట్రాక్టర్ చెప్పిందే రూలుకు దగ్గరగా ఉంది. అయినా ఆయన కొటేషన్ మీద అప్పుడే సంతకం పెట్టకండి. ముందు సెల్లార్‌లోని స్టాకు సంగతి తేలాలి. ఏ అంతస్తులో ఏం జరుగుతోందన్న దాన్నిబట్టే ఎన్ని స్ప్రింక్లర్లు, ఎంత నీళ్లు, ఎంత పంపు అన్నది తేలుతుంది. ప్లాన్‌లో ఏం రాశారన్నది కాదు, ఇవాళ అక్కడ నిజంగా ఏం ఉందన్నది ముఖ్యం. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లూ చూసిన గొడవల్లో ఎక్కువ భాగం ఈ రెండింటి మధ్య తేడా వల్ల వచ్చినవే.

ముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్ ఫైర్ సర్వీస్ చట్టం 1999లో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ దాన్నే తన చట్టంగా తీసుకుంది. దాని ప్రకారం 15 మీటర్లు దాటిన కమర్షియల్ బిల్డింగులు, 18 మీటర్లు, ఆపైన ఉన్న అపార్ట్‌మెంట్లు ఫైర్ సర్వీసెస్ శాఖ నుంచి ఎన్‌ఓసీ తీసుకోవాలి. స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం గుమిగూడే చోట్లకు హద్దు ఇంకా తక్కువ. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లు దాటినా తీసుకోవాలి. మీది 17 మీటర్ల కమర్షియల్ కాబట్టి మీకు కచ్చితంగా వర్తిస్తుంది. ఎత్తును భవనం చుట్టూ ఉన్న నేల మట్టం నుంచి టెర్రస్ వరకు కొలుస్తారు. పిట్టగోడ, మెట్ల గది, ఓవర్‌హెడ్ ట్యాంకు లెక్కలోకి రావు. ఈ లెక్క మీరు టేపుతో వేసుకోకుండా లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌తో వేయించండి. 14.8 మీటర్లు అని రాయించుకుని తర్వాత తనిఖీలో ఇబ్బంది పడిన ఓనర్లు ఉన్నారు.

చట్టం ఎన్‌ఓసీ కావాలని మాత్రమే చెబుతుంది. ఏమేం పెట్టాలన్నది నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016 నాలుగో భాగంలో ఉంటుంది. మామూలుగా ఆ కోడ్ సలహా లాంటిదే. మన బిల్డింగ్ రూల్స్, ఫైర్ శాఖ దాన్నే పాటించమంటాయి కాబట్టి మన దగ్గర అది ఆచరణలో తప్పనిసరి అయింది. అందులో టేబుల్ 7 అనే పట్టిక ఉంది. మీ కాంట్రాక్టర్‌ను మొదట ఆ టేబుల్ ప్రింట్ తెచ్చి మీ భవనం ఏ వరసలోకి వస్తుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించలేని మనిషికి పని ఇవ్వద్దు. స్ప్రింక్లర్లను ఎలా డిజైన్ చేయాలి, ఎంత దూరంలో పెట్టాలి అన్న వివరాలు ఐఎస్ 15105 అనే భారతీయ ప్రమాణంలో ఉంటాయి. స్ప్రింక్లర్ హెడ్ల (సీలింగ్ దగ్గర నీళ్లు చిమ్మే మూతుల) నాణ్యతకు ఐఎస్ 9972 ఉంది.

ఇక టేబుల్ 7లో మీ వరస వెతుకుదాం. కోడ్ భవనాలను వాడకాన్నిబట్టి గ్రూపులుగా విడదీసింది. బట్టల షోరూమ్ మెర్కంటైల్ (అమ్మకాల) గ్రూపు. ఆఫీసులు బిజినెస్ గ్రూపు. కోచింగ్ సెంటర్‌ను చాలామంది ఆఫీసు కిందే లెక్కేస్తారు, అది తప్పు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులు కూర్చుని చదువుకునే చోటు ఎడ్యుకేషనల్ గ్రూపులోకి వస్తుంది. ట్రైనింగ్ సంస్థలు కూడా అందులోవే. స్టాకు పెట్టిన గోడౌన్ స్టోరేజ్ గ్రూపు. అంటే మీ ఒక్క భవనంలోనే నాలుగు రకాల వాడకాలున్నాయి. ఇలా కలిసి ఉన్నప్పుడు, అంతస్తుల మధ్య అగ్నిని ఆపే గోడలు, వేరు వేరు మెట్లు లేకపోతే, వాటిలో కఠినమైన రూలే మొత్తం భవనానికి వర్తిస్తుంది. మీ విషయంలో అది షోరూమ్ రూలు. 15 మీటర్లు దాటిన మెర్కంటైల్ భవనంలో సెల్లార్‌లో ఒక్కచోటే స్ప్రింక్లర్లు వేస్తే సరిపోదు. పైన అన్ని అంతస్తుల్లోనూ కావాలి.

మరి మొదటి కాంట్రాక్టర్‌కు "సెల్లార్ చాలు" అన్న మాట ఎక్కడ దొరికింది? అతను పూర్తిగా అబద్ధం చెప్పలేదు. తక్కువ ఎత్తున్న చాలా భవనాల వరసల్లో, బేస్‌మెంట్ 200 చదరపు మీటర్లు దాటితే బేస్‌మెంట్‌లో మాత్రం స్ప్రింక్లర్లు వేయాలన్న షరతు ఉంది. అతను చేసిన పనుల్లో ఎక్కువ అలాంటివే అయి ఉంటాయి. ఆ అలవాటు మీ భవనానికి పనికిరాదు.

సెల్లార్ దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే కింద మొదలైన మంటలు పైనున్న వాళ్ల ప్రాణాలు తీస్తాయి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో రూబీ హోటల్ ప్రమాదంలో 8 మంది చనిపోయారు. కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూమ్ ఉంది, పైన లాడ్జి. మంట కింద పుట్టింది, పొగ మెట్ల మీదుగా పైకి వెళ్లింది. మరుసటి ఏడాది నవంబర్‌లో నాంపల్లి బజార్‌ఘాట్‌లో, ఒక అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని పై ఇళ్లలో ఉన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. రెండు చోట్లా కింద ఉండాల్సినది ఒకటి, ఉన్నది ఇంకొకటి. మన బిల్డింగ్ రూల్స్ ప్రకారం సెల్లార్ పార్కింగ్‌కు, జనరేటర్, పంపుల లాంటి సర్వీసులకు మాత్రమే. మీ సెల్లార్‌లో బట్టల మూటలు, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. ఎన్ని స్ప్రింక్లర్లు వేసినా ఆ గోడౌన్‌కు పర్మిషన్ రాదు. తనిఖీకి ముందు రోజు ఖాళీ చేసి తర్వాత మళ్లీ పెట్టుకుందామని మీ షోరూమ్ వాళ్లు అంటారు, అది సహజం. ఒప్పుకోకండి. పార్కింగ్ కోసం లెక్కగట్టిన స్ప్రింక్లర్ల కింద పై దాకా పేర్చిన బట్టల మూటలు కాలితే ఆ నీళ్లు సరిపోవు. ఇందులో కాగితాల సంగతి చిన్నది. మీ కోచింగ్ సెంటర్ పిల్లలు నాలుగో అంతస్తులో ఉన్నారు. పొగ వాళ్ల దగ్గరికి మెట్ల దారినే వస్తుంది.

గోడౌన్ తీసేశాక సెల్లార్‌లో ఇంకో ప్రశ్న మిగులుతుంది. ఎలక్ట్రిక్ బైకుల చార్జింగ్ అక్కడ పెడుతున్నారా? లిథియం బ్యాటరీ లోపల మొదలైన మంటను స్ప్రింక్లర్ ఆర్పలేదు, పక్క వాహనాలకు పాకకుండా ఆలస్యం చేయగలదు. చార్జింగ్ పాయింట్లు పెట్టక తప్పకపోతే మెట్లకు, లిఫ్టుకు దూరంగా, వీలైతే సెల్లార్ బయట ఓపెన్ స్థలంలో పెట్టించండి.

ఇప్పుడు నీళ్ల లెక్క. టెర్రస్ ట్యాంకు ఎందుకు పనికిరాదో అంకెల్లో చూపిస్తే మీరే కాంట్రాక్టర్‌కు చెప్పగలరు. షోరూమ్ లాంటి మధ్యస్థ ప్రమాదం ఉన్న చోట ఒక్కో స్ప్రింక్లర్ గరిష్ఠంగా 12 చదరపు మీటర్లను కాపాడుతుంది. చదరపు మీటరుకు నిమిషానికి 5 లీటర్లు పడాలి. అంటే ఒక్కో హెడ్ నుంచి నిమిషానికి 60 లీటర్లు రావాలి. మామూలుగా వాడే హెడ్‌కు కె-ఫ్యాక్టర్ 80. దాని అర్థం, హెడ్ దగ్గర ఒక బార్ ప్రెషర్ ఉంటే నిమిషానికి 80 లీటర్లు వస్తాయి. ప్రెషర్ తగ్గితే నీళ్లు దాని వర్గమూలం లెక్కన తగ్గుతాయి. 60 లీటర్లు రావాలంటే హెడ్ దగ్గర సుమారు 0.56 బార్ ఉండాలి.

మీ ట్యాంకు టెర్రస్ మీద, నాలుగో అంతస్తు సీలింగ్‌లోని హెడ్‌కు మహా అయితే మూడు మీటర్లు పైన ఉంటుంది. మూడు మీటర్ల ఎత్తు ఇచ్చేది 0.3 బార్. ఆ ప్రెషర్‌తో 44 లీటర్లలోపే వస్తాయి. అదీ పైపుల్లో రాపిడి నష్టం లెక్కలోకి తీసుకోకుండా. పిల్లలు కూర్చునే అంతస్తులోనే నీళ్లు చాలవన్నమాట. కింద సెల్లార్‌లో మాత్రం ఎత్తు ఎక్కువ కాబట్టి ప్రెషర్ బాగానే ఉంటుంది. అక్కడ ఇంకో లోటు ఉంది. పది హెడ్లు తెరుచుకుంటే నిమిషానికి 600 లీటర్లు. ట్యాంకు నిండుగా ఉందనుకున్నా 17 నిమిషాల్లోపే ఖాళీ. వేసవిలో మీ ట్యాంకు సాయంత్రానికి ఎంత మిగులుతుందో మీకే తెలుసు.

అందుకే కింద ప్రత్యేకంగా ఫైర్ ట్యాంకు, పంపులు తప్పవు. ఎన్ని లీటర్లన్నది టేబుల్ 7లో మీ వరసలోనే ఉంటుంది, శాఖ ఇచ్చే ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌ఓసీలో కూడా రాస్తారు. కాంట్రాక్టర్ నోటి మాట మీద ట్యాంకు తవ్వించకండి. ఫైర్ ట్యాంకును, వాడకం నీళ్ల ట్యాంకును పక్కపక్కనే కట్టి, కొత్త నీళ్లు ముందు ఫైర్ భాగంలో పడి, అది నిండి పొర్లాక వాడకం భాగంలోకి వెళ్లేలా చేయించండి. ఫైర్ నీళ్లు నిల్వ ఉండి పాడవకుండా కదులుతుంటాయి, ఎవరూ పొరపాటున తోడేయలేరు. ట్యాంకు సెట్‌బ్యాక్‌లో (భవనం చుట్టూ వదిలే ఖాళీ స్థలంలో) వస్తే దాని పైకప్పు ఫైరింజన్ బరువును మోయాలి. కోడ్ 45 టన్నులు అంటుంది. మామూలు స్లాబ్ వేసి పైన టైల్స్ పరిచిన చోట ఇంజన్ లోపలికి రాలేదు.

పంపుల విషయంలో మీ స్థాయి భవనాలకు పట్టికలో కనిపించే ఏర్పాటు ఇలా ఉంటుంది. నిమిషానికి 2280 లీటర్లిచ్చే కరెంటు పంపు ఒకటి, అంతే సామర్థ్యమున్న డీజిల్ పంపు ఒకటి, 180 లీటర్ల జాకీ పంపు ఒకటి. జాకీ పని లైన్లో ప్రెషర్ నిలబెట్టడం. ఎక్కడో చిన్న లీకు వల్ల ప్రెషర్ పడితే పెద్ద పంపు అనవసరంగా తిరగకుండా అదే సర్దుతుంది. హెడ్ తెరుచుకుని ప్రెషర్ బాగా పడిపోతే పెద్ద పంపు దానంతట అదే మొదలవ్వాలి. కరెంటు లేకపోతే డీజిల్ పంపు అందుకోవాలి.

చాలా భవనాల్లో తప్పుగా కనిపించేది పంపు కరెంటు కనెక్షన్. మంటలు రాగానే ఎవరైనా మొదట చేసేది మెయిన్ ఆపడం. చేయాల్సిందే కూడా. పంపుకు కరెంటు ఆ మెయిన్ తర్వాతి నుంచి తీసుకుంటే, మంటలు పెరిగే సమయానికి పంపు చచ్చిపోతుంది. కాబట్టి ఫైర్ పంపుకు విడి లైను, మెయిన్ స్విచ్‌కు ముందు నుంచి రావాలి. వేడికి తట్టుకునే కేబుల్ వాడాలి. ప్యానెల్ మీద "ఫైర్ పంపు, ఆపవద్దు" అని తెలుగులో రాసి ఉండాలి. మీ వాచ్‌మన్ చదివేలా.

హెడ్ల అమరిక గురించి. మధ్యస్థ ప్రమాదం ఉన్న చోట హెడ్‌కు హెడ్‌కు మధ్య 4 మీటర్లు మించకూడదు, గోడకు 2 మీటర్లు మించకూడదు. రెండు హెడ్లను రెండు మీటర్ల కంటే దగ్గరగా కూడా పెట్టకూడదు. ఒక హెడ్ చిమ్మే నీళ్లు పక్క హెడ్‌ను చల్లబరిస్తే అది తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోదు. సీలింగ్‌కు, డిఫ్లెక్టర్‌కు (హెడ్‌లో నీళ్లను చుట్టూ చిమ్మే చిన్న పళ్లేనికి) మధ్య 75 నుంచి 150 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. వేడి గాలి మొదట సీలింగ్ కిందే పేరుకుంటుంది, హెడ్ ఆ పొరలో ఉండాలి. సీలింగ్ నుంచి అడుగున్నర కిందకు వేలాడదీసిన హెడ్ చూడటానికి స్ప్రింక్లర్‌లాగే ఉంటుంది, తెరుచుకునేసరికి మాత్రం ఆలస్యమైపోతుంది. డిఫ్లెక్టర్ కింద 500 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. షోరూమ్ వాళ్లు ర్యాకులు సీలింగ్ దాకా పేర్చుతారు, వాళ్లకు ఈ హద్దు గోడ మీద గీత గీసి చూపించండి. సెల్లార్‌లో వెడల్పైన ఏసీ డక్టులు, కేబుల్ ట్రేలు అడ్డొస్తే వాటి కింద కూడా విడిగా హెడ్లు కావాలి.

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఆఫీసుల్లో హెడ్లు సీలింగ్ కిందకు రావాలి. ఫాల్స్ సీలింగ్‌కు స్లాబ్‌కు మధ్య ఖాళీ 800 మిల్లీమీటర్లు మించితే ఆ ఖాళీలో కూడా విడిగా హెడ్లు వేయాలి. ఇది చాలా కొటేషన్లలో ఉండదు, తనిఖీలో బయటపడి డబ్బు అదనంగా అడుగుతారు. ముందే కొలిపించండి.

కోచింగ్ సెంటర్ పార్టిషన్లు నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెడతాయి. హాలుగా ఉన్నప్పుడు లెక్కవేసి హెడ్లు వేస్తారు. ఆర్నెల్లకు కొత్త బ్యాచ్ వస్తుంది, గాజు పార్టిషన్‌తో రెండు గదులు చేస్తారు. ఒక గదిలో హెడ్ ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. మంట ఆ రెండో గదిలో పుడితే స్ప్రింక్లర్ చాలాసేపటిదాకా తెరుచుకోదు. అద్దె అగ్రిమెంట్లోనే రాసుకోండి: పార్టిషన్, ఫాల్స్ సీలింగ్ ఏది మార్చినా మీ లిఖితపూర్వక అనుమతి కావాలి, స్ప్రింక్లర్ల మార్పు ఖర్చు అద్దెదారుదే. ఈ వాక్యం మీ లాయర్ పెట్టకపోతే మీరు పెట్టించండి.

హెడ్‌లోని గాజు గొట్టం రంగు దాని ఉష్ణోగ్రత చెబుతుంది. ఆరెంజ్ 57 డిగ్రీల సెల్సియస్, ఎరుపు 68, పసుపు 79, ఆకుపచ్చ 93, నీలం 141. ఆ చోట వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కంటే కనీసం 30 డిగ్రీలు ఎక్కువున్నది ఎంచుకోవాలి. ఏసీ అంతస్తులకు ఎరుపు సరిపోతుంది. టెర్రస్ మీద రేకుల షెడ్డు ఉంటే ఏప్రిల్, మే నెలల్లో అక్కడి వేడి వేరు, పసుపో ఆకుపచ్చో చూడాలి. కోచింగ్ సెంటర్‌లో క్యాంటీన్ వంటగది ఉంటే అక్కడ కూడా ఎక్కువ డిగ్రీలది. ఒక హెడ్ తెరుచుకుంటే అన్నీ తెరుచుకుంటాయని, బట్టలన్నీ తడిసిపోతాయని షోరూమ్ వాళ్లు భయపడుతుంటారు. సినిమాల్లో అలా చూపిస్తారు. నిజానికి ఏ గాజు గొట్టం వేడికి పగిలిందో ఆ ఒక్క హెడ్ నుంచే నీళ్లు వస్తాయి. పొగకు స్ప్రింక్లర్ తెరుచుకోదు.

పెయింటర్లు సీలింగ్‌కు రంగేస్తూ హెడ్ల మీద కూడా బ్రష్ ఆడిస్తారు. రంగు పడిన హెడ్‌ను తుడిచి వాడటం కుదరదు, మార్చేయాలి. మధ్యస్థ ప్రమాదం ఉన్న భవనాల్లో 24 స్పేర్ హెడ్లు, వాటిని బిగించే స్పానర్ ఒక డబ్బాలో పంప్‌రూమ్‌లో ఉంచడం పద్ధతి.

పైపులు. ఐఎస్ 1239 జీఐ లేదా ఎంఎస్ పైపు అని కొటేషన్‌లో రాస్తే చాలదు, క్లాస్ రాయించండి. మన వాళ్లు బి క్లాస్, సి క్లాస్ అంటారు. పైపు మీద నీలం గీత ఉంటే మీడియం (బి), ఎరుపు ఉంటే హెవీ (సి), పసుపు ఉంటే లైట్. పసుపు గీత పైపు మీ సైట్‌లోకి రానివ్వకండి. రంగు వేసేశాక గీత కనపడదు, అందుకే లారీ దిగిన రోజే చూసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. బీములకు రంధ్రం కొట్టాల్సి వస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడకుండా కోర్ కట్టింగ్ మొదలుపెట్టనివ్వద్దు. పాత భవనాల్లో స్ప్రింక్లర్లు వేయడంలో నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

మీ తమ్ముడి సలహా గురించి. ఎన్ఎఫ్‌పీఏ 13 మంచి స్టాండర్డ్. అమెరికాలో కూడా అది నేరుగా చట్టం కాదు, ఒక్కో ఊరు, ఒక్కో రాష్ట్రం తనకు నచ్చిన ఎడిషన్‌ను తన మార్పులతో అమలు చేస్తుంది. ఇక్కడ మీ ఎన్‌ఓసీ చూసేది నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం. కన్సల్టెంట్ ఎన్ఎఫ్‌పీఏ లెక్కలు వాడితే అభ్యంతరం లేదు, కానీ దూరాలు ఒక పుస్తకం నుంచి, నీళ్ల లెక్క ఇంకో పుస్తకం నుంచి తీసుకుని తక్కువ ఖర్చయ్యేవన్నీ ఏరుకోవడం కుదరదు. డ్రాయింగ్ మీద ఏ స్టాండర్డ్ ప్రకారం చేశారో రాయించండి.

వరస ఇలా పెట్టుకోండి. ముందు సెల్లార్ ఖాళీ. తర్వాత ఇప్పుడున్న వాడకాలతో, పార్టిషన్లతో సహా కొత్తగా కొలిచిన డ్రాయింగ్. ఆ డ్రాయింగ్ మీద ఫైర్ కన్సల్టెంట్ లెక్కలు. వాటితో శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో దరఖాస్తు. వాళ్లు అడిగినవన్నీ రాతపూర్వకంగా వచ్చాక, వాటి ఆధారంగా ఇద్దరు కాంట్రాక్టర్లనూ ఒకే డ్రాయింగ్ మీద మళ్లీ కొటేషన్ ఇవ్వమనండి. అప్పుడు గానీ రెండు ధరలనూ పోల్చలేరు. ఇప్పుడు మీ చేతిలో ఉన్నవి రెండు వేరు వేరు పనుల ధరలు. అధికారితో "మాట్లాడిపెడతాను" అని విడిగా డబ్బడిగే మధ్యవర్తులు ఈ దశలోనే వస్తారు. డ్రాయింగ్ సరిగా ఉంటే వాళ్ల అవసరం లేదు, సరిగా లేకపోతే వాళ్ల వల్ల మీ భవనం భద్రంగా మారదు.

భవనం మొత్తానికి స్ప్రింక్లర్లు వేయడం వల్ల ఇంకో మేలు ఉంది. పూర్తిగా స్ప్రింక్లర్లు ఉన్న భవనంలో, గదిలోంచి మెట్ల దాకా నడవాల్సిన దూరం విషయంలో కోడ్ 50 శాతం సడలింపు ఇస్తుంది. పాత భవనాల్లో మెట్లు జరపడం సాధ్యం కాదు కాబట్టి ఇది పనికొస్తుంది. రెండో మెట్ల దారి లేకపోతే మాత్రం స్ప్రింక్లర్లు దానికి బదులు కావు. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు చిన్న వయసు ఉద్యోగులు పొగలో చిక్కుకుని చనిపోయారు. మీ కోచింగ్ సెంటర్ మెట్ల దగ్గర బెంచీలు, పాత పుస్తకాల కట్టలు ఉంటే ఈ వారమే తీయించండి. దీనికి ఏ కొటేషనూ అక్కర్లేదు.

పని అయ్యాక చివరి చెల్లింపు ఆపి ఉంచండి. ముందు పైపులన్నిటినీ పని ప్రెషర్‌కు ఒకటిన్నర రెట్లు పెట్టి రెండు గంటలు నిలబెట్టాలి. గేజీ ముల్లు కదలకూడదు. ఇది ఫాల్స్ సీలింగ్ మూయకముందే జరగాలి. ఆ తర్వాత నీళ్ల పరీక్ష. పంప్‌రూమ్‌కు అన్నిటికంటే దూరంగా, పై అంతస్తు చివరలో టెస్ట్ వాల్వ్ ఉంటుంది. లేకపోతే పెట్టించండి. మీరు పక్కనుండగా దాన్ని తెరిపించండి. ప్రెషర్ పడి జాకీ తిరగాలి, ఫ్లో స్విచ్ (పైపులో నీళ్లు కదిలితే గుర్తించేది) పనిచేసి ప్యానెల్ మీద ఆ అంతస్తు పేరుతో అలారం రావాలి, పెద్ద పంపు ఎవరూ ముట్టుకోకుండా మొదలవ్వాలి. అప్పుడు కరెంటు పంపును ఆపించి, డీజిల్ పంపు అందుకుంటుందో లేదో చూడండి. చివరి గేజీలో ప్రెషర్ ఎంత నిలిచిందో కాగితం మీద రాసుకుని కాంట్రాక్టర్ సంతకం తీసుకోండి. శాఖ వాళ్లు తనిఖీకి వచ్చినప్పుడు చూసేదీ దాదాపు ఇదే.

ఎన్‌ఓసీ చేతికొచ్చాక పనిచేయకుండా పోయిన సిస్టమ్స్‌లో నేను చూసిన కారణాలు రెండే. ఒకటి, ఏదో అంతస్తులో లీకు వచ్చిందని జోన్ వాల్వ్ (ఆ అంతస్తుకు నీళ్లు వెళ్లే వాల్వ్) మూసి, మళ్లీ తెరవకపోవడం. రెండోది, రాత్రి పంపు శబ్దం వస్తోందని ప్యానెల్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పేయడం. వాల్వ్‌లు తెరిచిన స్థితిలోనే ఉండేలా గొలుసు, తాళం వేయించండి, తాళంచెవి మీ దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి. వారానికోసారి పంపులు తిప్పడం, డీజిల్ ఎంతుందో, బ్యాటరీ ఎలా ఉందో చూడటం వాచ్‌మన్ పని. ప్యానెల్ పక్కన ఒక రిజిస్టర్ వేలాడదీసి తేదీ, గేజీ అంకె, సంతకం పెట్టించండి. నెలకోసారి మీరు వెళ్లి ఆ అంకె, గేజీ మీదున్న అంకె ఒకటో కాదో చూసుకోండి.

సెల్లార్ కొలతలు, ఫాల్స్ సీలింగ్ పైన ఖాళీ ఎంతుందో, మెట్లు ఎన్ని, ఎటువైపు ఉన్నాయో రాస్తే మీ భవనానికి హెడ్లు సుమారుగా ఎన్ని పడతాయో లెక్కవేసి చెబుతాను.